బడ్జెట్ ట్యూబ్ మైకు: 'స' గుచ్చుకుంటోందా? అయితే తప్పు ట్యూబ్‌ది కాదు

మా అక్క ఆడియోబుక్స్ చదువుతుంది. ఉద్యోగం మానేసి ఏడాది దాటింది, ఇప్పుడు ఇదే తన పని. జనవరిలో ఒక పెద్ద నవలకు శాంపిల్ పంపితే రెండు రోజుల్లో తిరిగొచ్చింది. కారణం ఒక్క లైన్‌లో రాశారు: సిబిలెన్స్ ఎక్కువగా ఉంది, వారంలోగా కొత్త శాంపిల్ పంపండి, ఎడిటింగ్ ఏమీ చేయని రా ఫైలే కావాలి. సిబిలెన్స్ అంటే స, శ, చ లాంటి అక్షరాలు పలికినప్పుడు చెవిలో గుచ్చుకునే ఆ ఈల శబ్దం. అక్క హెడ్‌ఫోన్స్ పెట్టుకుని విని, "ఒరేయ్, నేను చదివినట్టు లేదురా, పాము బుస కొట్టినట్టుంది" అంది.

తప్పు నాదే. ఆ మైకు కొనిపించింది నేను. సెకండ్‌హ్యాండ్‌లో 14 వేలకు దొరికిన చైనా తయారీ ట్యూబ్ కండెన్సర్ మైకు అది. పెద్ద వెండిరంగు బాడీ, విడిగా ఒక పవర్ సప్లై బాక్స్, ఏడు పిన్నుల కేబుల్, అల్యూమినియం సూట్‌కేసు. ఆన్ చేస్తే లోపల ట్యూబ్ నారింజ రంగులో వెలుగుతుంది. 'ట్యూబ్ అంటే వార్మ్ సౌండ్' అని ప్రతి వీడియోలో విని విని, అక్క గొంతుకు ఇంతకన్నా ఏం కావాలి అనుకున్నాను. వచ్చిన సౌండ్‌లో వార్మ్ కాదు కదా, గోరువెచ్చదనం కూడా లేదు.

అప్పుడు అందరూ చేసే పనే నేనూ చేశాను. 4,500 పెట్టి పాత స్టాక్ యూరప్ ట్యూబ్ ఒకటి ఆర్డర్ చేశాను. ఆ డబ్బు ఎలా వృథా అయిందో, చివరికి ముప్పై రూపాయల పార్ట్ ఎలా పని చేసిందో ఈ ఆర్టికల్‌లో చెప్తాను. దానికి ముందు లోపల ఏం జరుగుతుందో కాస్త చూద్దాం.

ట్యూబ్ అసలు ఎందుకుంది?

మీ ఫోన్‌లో ఉన్న చిన్న మెమ్స్ మైకు కూడా కండెన్సర్ జాతిదే. ఒక కదలని ప్లేటు, దాని ముందు కదిలే పొర, మధ్యలో గాలి. గొంతు తగిలి పొర కదిలితే రెండింటి మధ్య కెపాసిటెన్స్ మారుతుంది, ఆ మార్పే సిగ్నల్. స్టూడియో మైకులో అదే పని పెద్ద సైజులో జరుగుతుంది. సుమారు 34 మిల్లీమీటర్ల క్యాప్సూల్, మీద బంగారం పూత పూసిన ఆరు మైక్రాన్ల పొర. మన వెంట్రుక మందంలో పదో వంతు కూడా ఉండదు. దానికి 60 వోల్టుల చుట్టుపక్కల డీసీ ఇస్తారు.

చిక్కంతా ఇక్కడే. ఈ క్యాప్సూల్ కెపాసిటెన్స్ 60 పికోఫారడ్స్ ప్రాంతంలో ఉంటుంది. అంత చిన్న సోర్స్‌ను నేరుగా కేబుల్‌కు కలిపితే కేబుల్ సొంత కెపాసిటెన్సే సిగ్నల్‌ను మింగేస్తుంది. అందుకే క్యాప్సూల్ పక్కనే ఒక యాంప్లిఫయర్ ఉండాలి, దాని ఇన్‌పుట్ దగ్గర రెసిస్టెన్స్ ఒక గిగా ఓమ్ స్థాయిలో ఉండాలి. గిగా అంటే వంద కోట్లు. లెక్క వేసి చూడండి: 60 పికోఫారడ్స్‌కు ఒక గిగా ఓమ్ ఉంటే బేస్ 3 హెర్ట్జ్ దగ్గర కట్ అవుతుంది, అంటే ఏ సమస్యా లేదు. అదే రెసిస్టెన్స్ పదో వంతుకు పడిపోతే కట్ 26 హెర్ట్జ్‌కు పైకి వస్తుంది, దానితో పాటు నాయిస్ కూడా పెరుగుతుంది. ఈ గిగా ఓమ్ సంగతి గుర్తుంచుకోండి, వానాకాలంలో మళ్లీ దీని దగ్గరికే వస్తాం.

1949లో నాయ్‌మాన్ యూ 47 వచ్చినప్పుడు, 1953లో ఏకేజీ సీ 12 వచ్చినప్పుడు ఇంత ఇన్‌పుట్ ఇంపిడెన్స్ ఇవ్వగలిగింది ట్యూబ్ ఒక్కటే. సౌండ్ బాగుంటుందని ఏరి కోరి ట్యూబ్ పెట్టలేదు, ఇంకో దారి లేక పెట్టారు. ఎఫ్ఈటీ ట్రాన్సిస్టర్లు అందుబాటులోకి వచ్చాక 1967లో అదే నాయ్‌మాన్ యూ 87ను ట్యూబ్ లేకుండా తెచ్చింది. స్టూడియోల వాళ్లు దాన్నీ నెత్తిన పెట్టుకున్నారు. అంటే మైకులో ట్యూబ్ మొదటి ఉద్యోగం వార్మ్ చేయడం కాదు, బలహీనమైన సిగ్నల్‌ను చెక్కుచెదరకుండా కేబుల్‌లోకి దించడం.

'మరి ట్యూబ్ డిస్టార్షన్ వల్ల వచ్చే తీయదనం?' అని మీరు అడగొచ్చు. గిటార్ ఆంప్‌లో అది నిజమే, అక్కడ ట్యూబ్‌ను గొంతు దాకా నింపుతారు. మైకులో సంగతి వేరు. మామూలుగా చదివే గొంతుకు క్యాప్సూల్ నుంచి వచ్చేది కొన్ని మిల్లీవోల్టులు. ట్యూబ్ గ్రిడ్ ఒకటి రెండు వోల్టుల బయాస్ మీద కూర్చుని ఉంటుంది. చెరువులో చెంబు నీళ్లు పోసినట్టు, ఆ ట్యూబ్‌కు అసలు శ్రమే లేదు. శ్రమ లేనప్పుడు డిస్టార్షనూ పెద్దగా ఉండదు.

4,500 ట్యూబ్ కథ

ఆర్డర్ చేసిన రెండో రోజే ట్యూబ్ వచ్చింది. పెట్టాను. అక్క నాలుగు లైన్లు చదివింది. "ఇప్పుడు బాగుంది కదా?" అన్నాను. "ఏమో, కొంచెం మెత్తగా ఉందేమో" అంది. ఆ 'ఏమో' నాకు నచ్చలేదు. ఆఫీసులో ఎవరైనా 'కోడ్ కొంచెం ఫాస్ట్ అయినట్టుంది' అంటే ముందు బెంచ్‌మార్క్ చూపించమంటాం కదా.

మనిషి ఒకే వాక్యాన్ని రెండుసార్లు ఒకేలా చదవడు. కాబట్టి అక్క గొంతును ఫోన్‌తో ఒకసారి రికార్డు చేసి, దాన్ని స్పీకర్‌లో ప్లే చేసి, ఎదురుగా 30 సెంటీమీటర్ల దూరంలో మైకు పెట్టాను. స్టాండ్ కాళ్ల చుట్టూ నేల మీద టేపుతో గుర్తులు వేశాను. టెస్ట్ వాక్యం అక్కే తయారు చేసింది: "శేషమ్మ సంతలో సన్నజాజులు, చల్లసీసా, చుట్టచేపలు చకచకా సంచిలో సర్దేసింది." తెలుగుకు ఇలాంటిది అవసరం. ఇంగ్లిష్ మైకు రివ్యూల్లో ఎస్, ష మాత్రమే పరీక్షిస్తారు. మన 'చల్ల', 'చకచక'లో పలికే దంత్య 'చ'లో మొదట చిన్న తట్టు, వెంటనే 'స' ఈల ఉంటాయి. చెడ్డ మైకులో అది సూదిలా వస్తుంది.

పాత ట్యూబ్, కొత్త ట్యూబ్ రెండింటితో రికార్డు చేసి, వాల్యూమ్ లెవెల్ సమానం చేసి, పేర్లు దాచేసి యాదృచ్ఛికంగా వినిపించే చిన్న పైథాన్ స్క్రిప్టు రాసుకున్నాను. పదిసార్లలో నేను సరిగ్గా చెప్పింది ఆరు. నాణెం ఎగరేసినా ఇంచుమించు అంతే వస్తుంది. అక్కకు ఐదు. లెవెల్ సమానం చేయకముందు కొత్త ట్యూబ్ సుమారు ఒక డెసిబెల్ తక్కువగా ఉంది. మేం విన్న 'మెత్తదనం' అదే.

ఇంకో విషయం చెప్పాలి, ఇంజినీరింగ్ పిచ్చి ఉన్నవాళ్లకు నచ్చుతుంది. నా మైకులో 12ఏఎక్స్7 ట్యూబ్ ఉంది, దాని యాంప్లిఫికేషన్ ఫ్యాక్టర్ 100. 12ఏటీ7కు 60. కాబట్టి ఏటీ7 పెడితే సౌండ్ చాలా తగ్గాలి కదా? స్నేహితుడి దగ్గర అరువు తెచ్చి పెడితే తగ్గింది ఒక డెసిబెలే. కారణం మిల్లర్ ఎఫెక్ట్. ట్యూబ్‌లో గ్రిడ్‌కు, ప్లేట్‌కు మధ్య ఉండే సుమారు 1.7 పికోఫారడ్స్, ట్యూబ్ గెయిన్‌తో గుణించబడి క్యాప్సూల్‌కు భారంగా తయారవుతుంది. గెయిన్ 50 ఉన్న ఏఎక్స్7 దగ్గర అది 85 పికోఫారడ్స్ దాటుతుంది. క్యాప్సూల్‌దే 60. అంటే సిగ్నల్‌లో సగానికి పైగా ట్యూబ్ గుమ్మంలోనే పోతోంది! ఎక్కువ గెయిన్ ఇచ్చే ట్యూబ్ ఒక చేత్తో ఇచ్చి ఇంకో చేత్తో లాక్కుంటోంది. పైగా సోర్స్ కూడా కెపాసిటరే కాబట్టి ఈ నష్టం అన్ని ఫ్రీక్వెన్సీలకూ ఒకేలా ఉంటుంది. సౌండ్ చిన్నదవుతుంది తప్ప టోన్ మారదు.

ట్యూబ్ మార్చడం పూర్తిగా దండగ అని కూడా అనను. పాత ట్యూబ్ మీద పెన్సిల్‌తో తడితే 'టింగ్' మని మోగుతూ ఉంటే, లేదా బుస్ మని నాయిస్ వస్తుంటే మార్చాల్సిందే. కానీ అది రిపేరు, సౌండ్ అప్‌గ్రేడ్ కాదు. మారుస్తున్నప్పుడు ఒక జాగ్రత్త: 12ఏఎక్స్7, 12ఏటీ7, 12ఏయూ7, 6072 నాలుగింటికీ పిన్నులు ఒకేలా ఉంటాయి. 6922 కూడా తొమ్మిది పిన్నులదే, సాకెట్‌లో హాయిగా దూరుతుంది, కానీ దాని హీటర్ వైరింగ్ వేరు. రోడ్ ఎన్‌టీకే లాంటి మైకులు 6922 కోసమే డిజైన్ చేసినవి. సైజు సరిపోయింది కదా అని అటూ ఇటూ మార్చొద్దు.

అసలు దోషి

ట్యూబ్ కాదని తేలింది, డెడ్‌లైన్‌కు నాలుగు రోజులు మిగిలాయి. ఇక క్యాప్సూల్ వైపు చూశాను.

దీనికి 1960 దాకా వెనక్కి వెళ్లాలి. యూ 47లోని వీఎఫ్14 ట్యూబ్ తయారీ ఆగిపోవడంతో నాయ్‌మాన్ ఈఎఫ్86 ట్యూబ్‌తో యూ 67 తెచ్చింది. దానికి కే67 అనే కొత్త క్యాప్సూల్ చేశారు. ఈ క్యాప్సూల్ హై ఫ్రీక్వెన్సీలను కావాలనే ఎక్కువ చేసి ఇస్తుంది. వెనకున్న ట్యూబ్ సర్క్యూట్ అంతే మేర తగ్గిస్తుంది. రెండూ కలిస్తే ఫలితం సమంగా వస్తుంది, మధ్యలో యాంప్లిఫయర్ నాయిస్ కూడా తగ్గిపోతుంది. ఈసీఈ వాళ్లకు గుర్తొచ్చే ఉంటుంది, ఎఫ్ఎం రేడియోలో ప్రీ-ఎంఫసిస్, డీ-ఎంఫసిస్ అని రెండు మార్కుల ప్రశ్న. అదే ట్రిక్కు. పరీక్ష అయ్యాక అది ఎందుకైనా పనికొస్తుందని నేను ఎప్పుడూ అనుకోలేదు.

బడ్జెట్ మైకుల కథ ఇక్కడ మలుపు తిరుగుతుంది. చైనా ఫ్యాక్టరీల నుంచి వచ్చే చవక లార్జ్ డయాఫ్రమ్ మైకుల్లో చాలావాటి క్యాప్సూల్ ఈ కే67 నమూనాకు కాపీయే. వెనకున్న సర్క్యూట్‌లో మాత్రం డీ-ఎంఫసిస్ ఉండదు, వచ్చింది వచ్చినట్టు పంపే ఫ్లాట్ సర్క్యూట్ పెడతారు. సగం డిజైన్ కాపీ కొట్టి సగం వదిలేశారన్నమాట. పప్పులో చింతపండు పిండి ఉప్పు మర్చిపోయినట్టు. అందుకే 8 నుంచి 12 కిలోహెర్ట్జ్ మధ్య ఒక గుట్ట లేస్తుంది. మన 'స' శక్తి అంతా 5 కిలోహెర్ట్జ్ నుంచి ఆ గుట్ట దాకా పరుచుకుని ఉంటుంది. షాపులో రెండు నిమిషాలు వింటే 'అబ్బ, ఎంత క్లియర్‌గా ఉందో' అనిపించేది ఈ గుట్టే. అరగంట ఆడియోబుక్ వింటే తలనొప్పి తెప్పించేదీ ఇదే.

నా మైకులోనూ అదేనా? క్యాప్సూల్ మధ్యలో స్క్రూతో వైరు బిగించి ఉంది, ఇది కే67, కే47 కుటుంబాల గుర్తు. సర్క్యూట్ బోర్డు చూసి బొమ్మ గీసుకుంటే, ట్యూబ్ మొదటి సగం మామూలు గెయిన్ స్టేజ్, రెండో సగం క్యాథోడ్ ఫాలోయర్, తర్వాత ట్రాన్స్‌ఫార్మర్. ఫీడ్‌బ్యాక్ ఎక్కడా లేదు.

ఐరన్ పట్టుకునే ముందు రెండు ఉచిత పనులు చేయండి. మొదటిది, మైకును నోటికి నేరుగా కాకుండా ఓ 20, 30 డిగ్రీలు పక్కకు తిప్పండి. పెద్ద డయాఫ్రమ్ పక్క నుంచి వచ్చే హై ఫ్రీక్వెన్సీలను తక్కువగా పట్టుకుంటుంది. దీనితోనే అక్క 'స' పావు వంతు నయమైంది. రెండోది, మీ రికార్డింగ్ సాఫ్ట్‌వేర్‌లో ఈక్యూ తీసుకుని 8 కిలోహెర్ట్జ్ చుట్టూ 3 డెసిబెల్స్ తగ్గించి వినండి. ఇది రిహార్సల్. ఇక్కడ బాగుంటేనే హార్డ్‌వేర్‌లో చేయండి. 'ఈక్యూతో పోయేదానికి సోల్డరింగ్ ఎందుకు?' అంటే, ఎడిటింగ్ చేసుకునే అవకాశం మీకుంటే నిజంగా అవసరం లేదు, ఇక్కడే ఆపేయొచ్చు. మాకు రా ఫైల్ అడిగారు, అందుకే ఐరన్ పట్టుకున్నాను.

చేసింది ఒకే ఒక్క పని. ట్యూబ్ మొదటి సగం ప్లేట్ నుంచి గ్రౌండ్‌కు ఒక చిన్న సిల్వర్ మైకా కెపాసిటర్. ఆ పాయింట్ దగ్గర నా సర్క్యూట్ ఔట్‌పుట్ రెసిస్టెన్స్ సుమారు 40 కిలో ఓమ్స్ అని లెక్క తేలింది. మొదట 1000 పికోఫారడ్స్ పెట్టాను. అక్క గొంతు మీద కంబళి కప్పినట్టయింది. 330 పెడితే తేడా ఉంది కానీ చాలలేదు. 470 దగ్గర కుదిరింది. స్పీకర్‌లో స్వీప్ టోన్ వేసి ముందు, తర్వాత కొలిస్తే 8 కిలోహెర్ట్జ్ దగ్గర 3 డెసిబెల్స్, 10 దగ్గర 4 కన్నా కాస్త తక్కువ, 3 కిలోహెర్ట్జ్ దగ్గర అర డెసిబెల్ తగ్గింది. ఇలా ముందు, తర్వాత తేడా మాత్రమే కొలిచేటప్పుడు ఖరీదైన మెజర్‌మెంట్ మైకు అక్కర్లేదు. స్పీకర్, దూరం, గది మారకపోతే వాటి లోపాలు రెండు కొలతల్లోనూ ఒకేలా ఉండి కొట్టుకుపోతాయి. పార్ట్ ధర ముప్పై రూపాయలు, కొరియర్‌కు ఎనభై. అదే బ్లైండ్ టెస్ట్ మళ్లీ పెడితే అక్క పదికి పది చెప్పింది.

నష్టం లేదా అంటే ఉంది. ఇలాంటి సింపుల్ ఫిల్టర్ గుట్ట ఉన్నచోట ఆగదు, 15 కిలోహెర్ట్జ్ దగ్గర కూడా కోస్తూనే ఉంటుంది. పాటలకు కావాల్సిన ఆ 'గాలి' కొంత పోతుంది. మాటకు పర్వాలేదు. మీ ట్యూబ్, మీ ప్లేట్ రెసిస్టర్ వేరైతే విలువ కూడా మారుతుంది, కాబట్టి నా 470ని కళ్లు మూసుకుని కాపీ కొట్టొద్దు.

మూత తీసే ముందు ఇది తప్పకుండా చదవండి

ఫోన్ విప్పడం వేరు, ట్యూబ్ మైకు విప్పడం వేరు. ఆ పవర్ సప్లై బాక్స్‌లో 200 వోల్టుల దాకా డీసీ ఉంటుంది. ప్లగ్ పీకేసినా లోపలి కెపాసిటర్లు దాన్ని దాచుకునే ఉంటాయి. నేను పాటించేవి: ప్లగ్ తీసి కనీసం పది నిమిషాలు ఆగడం, తర్వాత 10 కిలో ఓమ్స్ 5 వాట్ల రెసిస్టర్‌ను ఇన్సులేషన్ ఉన్న క్లిప్పులతో కెపాసిటర్ కాళ్లకు పెట్టి ఖాళీ చేయడం, మల్టీమీటర్‌లో వోల్టేజ్ దాదాపు సున్నా అని కళ్లతో చూశాకే చేయి పెట్టడం. ఈ వాక్యంలో ఏ ముక్కైనా అర్థం కాకపోతే బాక్స్ తెరవకండి. గిటార్ ఆంప్స్ రిపేర్ చేసేవాళ్లకు ఇవ్వండి, ఇందులో సిగ్గుపడేదేం లేదు. ప్లేట్ దగ్గర పెట్టే కెపాసిటర్ 500 వోల్టుల రేటింగ్‌దే ఉండాలి. 50 వోల్టులది ఇంట్లో ఉంది కదా అని పెట్టొద్దు.

విదేశాల నుంచి తెప్పించినవాళ్లకు ఇంకోటి. చాలా పవర్ సప్లైల వెనక 115/230 అని చిన్న స్విచ్ ఉంటుంది. మన 230 వోల్టుల ప్లగ్‌లో పెట్టే ముందు అది ఎటుందో చూడండి. మూడో పిన్ను ఎర్త్ నిజంగా పని చేస్తోందో లేదో కూడా చూసుకోండి, మన ఇళ్లల్లో సాకెట్‌కు మూడో రంధ్రం ఉన్నంత మాత్రాన వెనక వైరు ఉందని గ్యారంటీ లేదు. పవర్ ఆన్‌లో ఉండగా ఏడు పిన్నుల కేబుల్ పీకొద్దు. క్యాప్సూల్ పొరను వేలితో తాకొద్దు, దుమ్ముందని నోటితో ఊదొద్దు. ఉమ్మి తుంపర ఒక్కటి పడినా చాలు.

వానాకాలం వచ్చింది

శాంపిల్ గడువుకు ఒకరోజు ముందు వెళ్లింది, నవల అక్కకే వచ్చింది. జూన్ దాకా అంతా బాగుంది. మేముండేది విశాఖలో, సముద్రానికి మరీ దూరం కాదు. జులైలో వానలు మొదలయ్యాక ఒకరోజు రికార్డింగ్ మధ్యలో చిటపట మొదలైంది. దూరంగా ఎవరో పకోడీలు వేయిస్తున్నట్టు. అధ్యాయం సగంలో ఉంది, గంటన్నర చదివింది పోయింది.

ఈసారి నా మనసు మళ్లీ ట్యూబ్ మీదికే పోయింది, ఒప్పుకోవాలి. కానీ ట్యూబ్ మార్చినా పకోడీలు ఆగలేదు. అప్పుడు గిగా ఓమ్ గుర్తొచ్చింది. బోర్డు మీద ఫ్యాక్టరీలో సోల్డరింగ్ చేసినప్పుడు అంటుకున్న ఫ్లక్స్ మరక ఉంది. పొడి గాలిలో దానితో ఇబ్బంది లేదు. తేమ పీల్చుకుంటే అదే కరెంటుకు దొంగదారి అవుతుంది. వంద కోట్ల ఓముల పక్కన పది కోట్ల ఓముల మురికి చేరితే గెలిచేది మురికే. ఆ లీకేజీ నిలకడగా కూడా ఉండదు, తడబడుతూ ఉంటుంది, ఆ తడబాటే చిటపట.

99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్, ఒక మెత్తటి టూత్‌బ్రష్. ఆ పెద్ద రెసిస్టర్లు, ట్యూబ్ సాకెట్ గ్రిడ్ పిన్ను, క్యాప్సూల్ నుంచి వైర్లు వచ్చి చేరే చోటు, ఈ మూడూ శుభ్రంగా తోమి ఒక రాత్రి ఆరబెట్టాను. క్యాప్సూల్ వైపు చుక్క పడకుండా ముందే దాన్ని విప్పి డబ్బాలో మూతపెట్టాను. తోమాక ఆ రెసిస్టర్లను వేలితో ముట్టుకోకండి, వేలి చెమటా ఉప్పే. చిటపట పోయింది. ఇప్పుడు పని అవగానే మైకు సూట్‌కేసులోకి, పక్కన గుప్పెడు సిలికా జెల్. రికార్డింగ్‌కు అరగంట ముందు ఆన్ చేస్తాం, ట్యూబ్ వేడికి లోపలి తేమ కాస్త తగ్గుతుంది. ట్యూబ్ వల్ల నాకు కచ్చితంగా కనిపించిన లాభం ఇదొక్కటే అని అక్క ముందు జోక్ వేస్తే నవ్వలేదు. పోయిన గంటన్నర తనది కదా.

మిగతా మాడ్స్ సంగతి

నెట్‌లో కనిపించే మిగతావాటి మీద నా అభిప్రాయం త్వరగా చెప్పేస్తాను. తలకాయ జాలీలో లోపలి సన్న వల పొర తీసేయడం: చేశాను, లోపల ప్రతిధ్వని తగ్గి కాస్త తెరిపిగా అనిపించింది కానీ 'ప', 'బ' ఊపిరి దెబ్బలు పెరిగాయి, పాప్ ఫిల్టర్ లేకుండా కుదరదు. బాడీ లోపల ఫెల్ట్ ముక్క అంటించడం: వేలితో కొడితే గంటలా మోగేది ఆగింది, పది రూపాయల పని, చేయండి. ఔట్‌పుట్ దగ్గర కెపాసిటర్‌ను మంచి పాలీప్రొపిలీన్‌తో మార్చడం: మార్చాను, కొలతలో గానీ చెవిలో గానీ తేడా దొరకలేదు. పాతది పాడైపోయి ఉంటే వేరే సంగతి.

ట్రాన్స్‌ఫార్మర్ మాత్రం నిజమైన అప్‌గ్రేడ్ అవుతుందని లెక్కలు చెప్తున్నాయి. బడ్జెట్ మైకుల్లో చిన్న ఐరన్ కోర్ వాడతారు, గట్టి బేస్ వచ్చినప్పుడు అది ముందు సాచురేట్ అవుతుంది. డప్పు, కంజీర లాంటివి దగ్గరి నుంచి రికార్డు చేసేవాళ్లకు ఇది తగులుతుంది. చదివే గొంతుకు అవసరం రాలేదు, పైగా మంచి ట్రాన్స్‌ఫార్మర్ దిగుమతి సుంకంతో కలిపి నా మైకు ధరకు దగ్గరగా వస్తోంది. నేను మార్చలేదు.

క్యాప్సూల్ మార్పిడి ఇంకో దారి. కే47 నమూనా క్యాప్సూల్‌కు ఆ పెద్ద గుట్ట ఉండదు, ఫ్లాట్ సర్క్యూట్‌తో చక్కగా కుదురుతుంది. తెప్పించుకుంటే ఆరేడు వేలు, మూడు వారాలు. జనవరిలో నాకు ఆ టైమ్ లేదు. టైమ్ ఉన్నవాళ్లు, ముఖ్యంగా పాటలు పాడేవాళ్లు, 470 పికోఫారడ్స్ కన్నా దీన్నే ఎంచుకోండి, పై గాలి పోకుండా గుచ్చుకోవడం తగ్గుతుంది.

ఇంకా మైకు కొననివాళ్లకు సూటిగా: 15 వేల లోపు బడ్జెట్ అయితే ట్యూబ్ జోలికి వెళ్లకండి. ఆ ధరలో ట్యూబ్, పవర్ సప్లై, సూట్‌కేసు, ఏడు పిన్నుల కేబుల్ అన్నిటికీ డబ్బు పంచేసరికి క్యాప్సూల్‌కు మిగిలేది తక్కువ. అదే డబ్బుకు మామూలు ఎఫ్ఈటీ మైకులో ఎక్కువ భాగం క్యాప్సూల్‌కు దక్కుతుంది. ఎవరైనా సెకండ్‌హ్యాండ్‌లో ట్యూబ్ మైకు అమ్ముతుంటే చూడటానికి వెళ్లినప్పుడు హెడ్‌ఫోన్స్ తీసుకెళ్లండి, శేషమ్మ వాక్యం మీరే చదవండి, పెన్సిల్‌తో బాడీ మీద ఒకసారి తట్టండి, కనీసం ఇరవై నిమిషాలు ఆన్‌లో ఉంచి పకోడీ శబ్దం వస్తుందేమో వినండి. వెలుగు చూసి డబ్బు ఇవ్వకండి, నేను అలాగే ఇచ్చాను.

4,500 ట్యూబ్ ఇప్పుడు నా డెస్క్ డ్రాయర్‌లో ఉంది. అమ్మకానికి పెట్టాను. 'చాలా వార్మ్ సౌండ్ కదా బ్రో?' అని ఇప్పటికి ముగ్గురు అడిగారు, నిజం చెప్పాక ముగ్గురూ మళ్లీ మెసేజ్ చేయలేదు.